చల్లని తేనీటికి తగిన జగ్గు

ముప్పది సంవత్సరాలుగా గొట్టాలకు, కవాటాలకు, పంపులకు స్పెసిఫికేషన్లు వ్రాయడమే మా వృత్తి. ఏ లోహం ఎంత వేడిని భరిస్తుందో, ఏ అతుకు ఎక్కడ విడిపోతుందో చెప్పి జీతం పుచ్చుకుంటున్నాము. అటువంటి మేము చల్లని తేనీటికి ఒక జగ్గును ఎన్నుకోవడంలో రెండుసార్లు బోల్తా పడ్డామంటే సహోద్యోగులు నవ్వుకోవచ్చు. నవ్వినా ఫరవాలేదు; మా పొరపాటు మరొక ఇంట జరుగకుంటే అదే పదివేలు.

సింగ్రౌలి ప్రాంతపు మే నెల ఎండల సంగతి ఇక్కడివారికి వేరుగా చెప్పనక్కరలేదు. మా అమ్మగారికి ఎనభై ఏళ్ళు దాటాయి. వయసు పైబడిన కొద్దీ శరీరానికి నీరు కావలసి ఉన్నా దాహం అంతగా తెలియదు. మంచినీళ్ళు తాగమంటే, "దాహం లేదురా" అనడం ఆవిడకు అలవాటు. 2023 వేసవిలో ఒక మధ్యాహ్నం ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయారు. డాక్టరుగారు సెలైన్ ఎక్కించి, దాహం ఉన్నా లేకున్నా కొంచెం కొంచెంగా ఏదో ఒకటి తాగుతూ ఉండాలని మరీమరీ చెప్పి పంపారు.

సెలవులకు వచ్చిన మా అమ్మాయి పలుచని టీ కాచి, చల్లార్చి, నిమ్మరసం పిండి నాయనమ్మకు ఇచ్చింది. జీవితమంతా పొగలు కక్కే టీ తాగిన ఆవిడ మొదట ముఖం చిట్లించి, పిదప గ్లాసు ఖాళీ చేసి, "ఇంకాస్త ఉందా?" అని అడిగారు. ఆ ప్రశ్నతోనే మా ఇంటికి జగ్గు అవసరమైంది.

ఈ పానీయం కొత్తదేమీ కాదు. 1879లో వెలువడిన ఒక అమెరికా వంటల పుస్తకంలోనే దీని తయారీ కనిపిస్తుంది. 1904లో సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనలో భారతీయ తేయాకు ప్రచారానికి వెళ్ళిన రిచర్డ్ బ్లెషిండెన్, అక్కడి ఎండలకు వేడి టీ ఎవరూ ముట్టకపోవడంతో ఐసు వేసి పంచిపెట్టాడని ప్రసిద్ధి. మన ఆకుకు అక్కడ పేరు తెచ్చిన ఆ ఎండలే మా ఇంట్లోనూ పని చేశాయన్నమాట.

మా మొదటి జగ్గు పెండ్లి రజతోత్సవానికి వచ్చిన కానుక. దళసరి గాజు, చుట్టూ చెక్కడపు పువ్వులు. అందులో మరుగుతున్న టీ పోశాము. ఠప్పుమని శబ్దం, జగ్గు అడుగు ఊడి, టీ అంతా గట్టు మీదనుంచి నేలకు జారింది. మా శ్రీమతి పాదాలు జానెడు దూరంలో ఉన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే మమ్మల్ని ఎక్కువ బాధించింది. ఎందుకంటే తప్పు గాజుది కాదు, మాది.

మామూలు గాజు ఒక్క డిగ్రీ వేడికి తన పొడవులో పదిలక్షల వంతులలో సుమారు 9 వంతులు సాగుతుంది. మరిగే ద్రవం తగలగానే లోపలి పొర సాగుతుంది. బయటి పొర ఇంకా చల్లగానే ఉండి లాగుడుకు లోనవుతుంది. గాజు నొక్కుడును భరిస్తుంది గాని లాగుడును భరించలేదు. గోడ ఎంత దళసరి అయితే అంత ప్రమాదం. గట్టిదని మనం నమ్మే జగ్గే ముందు పగులుతుంది. ప్రయోగశాలలలో వాడే బోరోసిలికేట్ గాజు సుమారు 3.3 వంతులు మాత్రమే సాగుతుంది కనుక తట్టుకుంటుంది. దానికీ హద్దున్నది, ఫ్రిజ్‌లోంచి తీసిన జగ్గులో మరిగే నీరు పోయరాదు.

కాబట్టి జగ్గు కొనేముందు టీ ఏ పద్ధతిలో చేస్తామో తేల్చుకోవాలి. వేడి పద్ధతి అయితే స్టీలు గిన్నెలో కాచి, వడకట్టి, చల్లారాక జగ్గులోకి మార్చడం క్షేమం. చల్లని పద్ధతిలో లీటరు చన్నీటికి నాలుగు చెంచాల ఆకు వేసి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి ఉదయం వడకడితే చాలు. దీనికి మామూలు గాజయినా సరిపోతుంది. చిక్కని వేడి టీ చల్లారినప్పుడు అందులోని కెఫీన్, వర్ణక పదార్థాలు కలిసి మడ్డిలా తేలుతాయి. చల్లని పద్ధతిలో ఆ మడ్డి అంతగా ఉండదు. నీలగిరి ఆకు అయితే మరీ తేటగా ఉంటుంది. ఏ పద్ధతిలో చేసినా మరునాటికి మించి నిలువ ఉంచరాదు.

తక్కిన పాత్రలనూ పరిశీలించాము. మట్టి కూజా నీటికి అమృతమే గాని, దాని సూక్ష్మరంధ్రాలలో టీ, చక్కెర దిగి వాసన పడుతుంది. కళాయి లేని ఇత్తడికి, రాగికి నిమ్మపులుపు పడదు. ప్లాస్టిక్కుకు మరకలు పట్టి వదలవు. స్టీలులో ఏ దోషమూ లేదు. ఎంత మిగిలిందో కనబడదంతే.

ఇన్ని ఆలోచించి, రెండు లీటర్ల బోరోసిలికేట్ జగ్గు తెచ్చాము. చెయ్యి దూరేంత వెడల్పు మూతి, బిగువైన మూత, ఫ్రిజ్ తలుపు అరలో పట్టే ఎత్తు. టెండరు కమిటీ అయినా వంక పెట్టలేని ఎంపిక అని మురిసిపోయాము.

వారం గడిచింది. మధ్యాహ్నాలు అమ్మగారు ఒక్కరే ఇంట్లో ఉంటారు. ఒకనాడు సాయంత్రం ఫ్రిజ్ తెరిచి చూస్తే, ఉదయం నింపిన జగ్గు నింపినట్టే ఉంది.

"తాగలేదేమమ్మా?" అన్నాము.

"దాహం లేదురా" అన్నారు. కాసేపాగి, "ఎత్తలేకపోతున్నాను. పగిలితే మళ్ళీ మీకు నష్టం కదా" అన్నారు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క కట్టాము. రెండు కిలోల టీ, సుమారు కిలో గాజు. మూడు కిలోల బరువు. వంచేటప్పుడు అదంతా పిడికి జానెడు దూరంలో ఒక్క మణికట్టు మీద పడుతుంది. ప్లాంటులో కవాటపు చక్రాన్ని తిప్పే మనిషికి చెయ్యి ఆనుతుందా లేదా అని అడగకుండా నక్షా మీద సంతకం చేయము. ఇంట్లో మాత్రం వేడిని లెక్కించాము, అరను కొలిచాము, మా అమ్మగారి చేతిని లెక్కించలేదు. ఒక్కసారి పడిపోయిన మనిషి వారం రోజులు మధ్యాహ్నమంతా ఏమీ తాగకుండా, మాకు నష్టం కలుగుతుందని ఊరుకున్నారు.

మరునాడు ఆవిడను వెంటబెట్టుకొని దుకాణానికి వెళ్ళాము. జగ్గులలో నీళ్ళు నింపి ఇమ్మంటే దుకాణదారు వింతగా చూశాడు. అమ్మగారు మొదటిదాని పిడిలో వేళ్ళు పట్టలేదన్నారు. రెండవది వంచితే నీళ్ళు మూతివెంట కారాయి. మూడవది లీటరుది, పలుచని గాజు, నాలుగు వేళ్ళూ దూరే పిడి. గ్లాసులోకి చుక్క ఒలకకుండా పోసి, "ఇది చాలు" అన్నారు.

లీటరు మధ్యాహ్నానికి అయిపోతే మళ్ళీ నింపవలసి వస్తుందని మా శ్రీమతితో అన్నాము. "అయిపోవాలనే కదండీ మన కోరిక" అన్నారావిడ.

ఇప్పుడు సాయంత్రం ఇంటికి రాగానే మేము మొదట చేసే తనిఖీ ఫ్రిజ్ తలుపు తెరిచి జగ్గు చూడడం. అది ఖాళీగా కనబడిన నాడు మాకు నిశ్చింత.