పాలపన్నే కదా అనుకున్నాను

దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి నవ్వినప్పుడల్లా నోటికి చేయి అడ్డం పెట్టుకుంటోంది. ముందు చూసింది మా అమ్మ. "ఏందిరా, పిల్ల కొత్తగా సిగ్గుపడుతోంది" అంది. నాకు వెంటనే అర్థమైంది. ఆ అలవాటు నాదే.

మా ఇంట్లో అందరికీ ముందుపళ్లు కొంచెం ఎత్తు. నాకు 11 ఏళ్లప్పుడు ఆశ్రమ పాఠశాల బోరింగు దగ్గర కాలుజారి పడ్డాను. ఎత్తుపళ్లను పెదవి కప్పి ఉంచలేదు కదా, సిమెంటు గట్టుకు ముందు అవే తగిలాయి. ఒకటి సగానికి విరిగింది. అప్పటి నుంచి పెళ్లి ఫోటోతో సహా ఏ ఫోటోలోనూ నేను నోరు తెరిచి నవ్వలేదు. పాఠం చెప్పేటప్పుడు కూడా ఎడమచేయి పైకి వస్తుంటుంది. పిల్లలు నన్ను అనుకరించేది ఆ చేతితోనే.

మా అమ్మాయిది ఇంకో రకం. కుడివైపు పైన కోరపన్ను వరుసలో చోటు దొరకక చిగురు మీది నుంచి బయటికి పొడుచుకొచ్చింది. హాస్టల్లో 'కోరలు' అని పేరు పెట్టారట. పెట్టింది కూడా మన పిల్లలే, బయటివాళ్లు కాదు. ఆమె ఏడవలేదు. నవ్వడం మానేసింది, అంతే.

ఖమ్మంలో పళ్లు సరిచేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఎక్స్‌రే చూసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "చిన్నప్పుడు ఇక్కడ దవడపన్ను తీయించారా?"

తీయించాను. అప్పుడు దానికి 7 ఏళ్లు. పన్ను పుచ్చిపోయి రెండు రాత్రులు నిద్రపోలేదు. వరికోతల కాలం, భద్రాచలం వెళ్లడానికి తీరిక లేదు. పక్క ఊరి ఆర్‌ఎంపీ 50 రూపాయలకు పీకేశాడు. "పాలపన్నే కదా సార్, ఎట్లాగూ ఊడేదే" అన్నాడు. నేనూ తలూపాను. టీచర్‌ని, సైన్సు కూడా చెబుతాను.

డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించింది. ఆరేళ్లకు పాలపళ్ల వెనక ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. చాలామంది దాన్నీ పాలపన్నే అనుకుంటారు, కానీ అది జీవితాంతం ఉండాల్సినది. దాని ముందున్న పాలపన్ను పది, పదకొండేళ్ల దాకా తన చోటును కాపలా కాస్తుంది. దాన్ని ముందే పీకేస్తే వెనకపన్ను మెల్లగా ముందుకు జరుగుతుంది. ఆ తర్వాత వచ్చే కోరపన్నుకు చోటు మిగలదు. పీకక తప్పకపోతే ఆ ఖాళీలో చిన్న తీగ కట్టు పెడితే చాలట, చోటు పోదు. ఆ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇప్పుడు చోటు చేయాలంటే పైన అటొకటి, ఇటొకటి రెండు మంచి పళ్లు తీయాలంది. 50 రూపాయల పని ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. తర్వాత క్లిప్పులు, తీగ. ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. నెలనెలా రావాలి. 35,000 రూపాయలు, వాయిదాల్లో.

హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అక్కడ ఈ విభాగమూ ఉంది. ఖర్చు తక్కువే. కానీ దుమ్ముగూడెం నుంచి నెలనెలా రాత్రి ప్రయాణం, దానికి రెండు రోజుల బడి, నాకు రెండు సెలవులు. లెక్క వేసి ఖమ్మమే అనుకున్నాం. జీతం ఉన్నవాణ్ని కాబట్టి ఆ లెక్కైనా వేయగలిగాను. కూలికి పోయే మా తమ్ముడి బిడ్డకు ఇదే వస్తే లెక్క మొదటి అంకె దగ్గరే ఆగిపోతుంది.

ఇంట్లో గొడవ డబ్బు గురించి కాలేదు. "మన మొఖాలు ఇట్లాగే ఉంటాయి. మా అత్తకూ పన్ను మీద పన్నే. ఆమెకు మొగుడు రాలేదా, పిల్లలు పుట్టలేదా?" అని మా అమ్మ. ఆ మాటలో నిజం ఉంది. సినిమా మొఖం కోసం మన మొఖాన్ని సరిచేసుకోవడమేనా ఇది అని నాకూ అనిపించింది. క్లిప్పులు వేసే రోజు పొద్దున బస్సులో అమ్మాయి అడిగింది: "నాన్నా, నేను బాగోలేననా ఇది?"

బాగున్నావు, కానీ ఆ పన్ను చెంపకు గీసుకుని పుండు పడుతోంది, అటువైపు నమలలేకపోతున్నావు, సందుల్లో అన్నం ఇరుక్కుని పక్కపన్ను కూడా పుచ్చుతుంది అని చెప్పాను. అన్నీ నిజాలే. నా విరిగిన పన్ను గురించి మాత్రం చెప్పలేదు. అది కిటికీలోంచి చూస్తూ, "నువ్వూ వేయించుకోవాల్సింది" అంది.

తీగ లాగితే ఎముకలో గుచ్చుకుని ఉన్న పన్ను ఎట్లా కదులుతుందని నాకు అనుమానం. నెట్టినవైపు ఎముక కరిగి, వెనక ఖాళీ అయినవైపు కొత్త ఎముక పుడుతుందట. అందుకే అంత నెమ్మది, తొందరపెడితే పన్ను వేరుకే చేటు. తీగ బిగించిన రెండు మూడు రోజులు అమ్మాయి గంజి, మెత్తని అన్నమే తినేది. ఒకసారి హాస్టల్లో తీగ కొన ఊడి చెంపలో గుచ్చుకుంది. వార్డెన్ మేడం ఫోన్ చేస్తే కొవ్వొత్తి మైనం ఉండ చేసి పెట్టమందామా అనుకున్నాను. డాక్టరమ్మ వద్దంది. అందుకని ప్రత్యేకంగా మైనం ఇస్తారు, అది పెట్టెలోనే ఉంది. పిల్ల మర్చిపోయింది.

ఇదంతా మొదలయ్యాక నేను మా బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లల నోళ్లు చూడటం మొదలుపెట్టాను. ఆర్‌బీఎస్‌కే బండి వచ్చినప్పుడు వాళ్లు చూసేవాటిలో పళ్లూ ఉన్నాయి. కానీ బండి వచ్చిన రోజు మనమే పిల్లను ముందుకు తోసి "దీని దవడపన్ను చూడండి" అనాలి. లేకపోతే వరుస కదిలిపోతుంది. ఆరేళ్లు దాటినా బొటనవేలు చీకేవాళ్లు ఇద్దరు దొరికారు. పుచ్చిన దవడపళ్లు చాలామందికే ఉన్నాయి.

ఇప్పటికి 14 నెలలైంది. కోరపన్ను కిందికి దిగి వరుసలో చోటు చేసుకుంది. క్లిప్పులు తీశాక కూడా పళ్లు వెనక్కి జరగకుండా రాత్రిళ్లు ఒక కట్టు పెట్టుకోవాలట. హాస్టల్లో దాన్ని ఎక్కడ పోగొడుతుందోనని ఇప్పటి నుంచే నా భయం.

మొన్న ఇంటికి వస్తే మా అమ్మ మొక్కజొన్న కంకులు కాల్చింది. క్లిప్పులున్నాయి, కొరకకూడదు. ఏమీ అనకుండా ముసలమ్మ కత్తిపీట ముందేసుకుని గింజలు ఒలిచి, రోట్లో కచ్చాపచ్చాగా నూరి, ఆకులో పెట్టి ఇచ్చింది. అమ్మాయి తింటూ ఏదో చెప్పి పకపకా నవ్వింది. చేయి అడ్డం రాలేదు. రెండు చేతుల్లోనూ ఆకు ఉండటం వల్లనేమో, నాకు తెలియదు.

వచ్చే రెండో శనివారం మళ్లీ ఖమ్మం. మొదటి బస్సుకు పోవాలి.