వీపున పిల్లలు, నోట వేట

పోయిన ఏడాది నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒకరోజు నా గది గుమ్మం దగ్గర తటపటాయిస్తూ నిలబడింది. ఆమెకు ఎనిమిది నెలల పాప. "మేడమ్, రాత్రిపూట ఫీల్డ్‌కి అమ్మనీ పాపనీ వెంట తీసుకుపోవచ్చా?" అని అడిగింది. "ముందు పాపని చూసుకోమ్మా, పరిశోధన ఎక్కడికి పోతుంది?" అన్నాను. అనేశాక గానీ అది ఎవరి మాటో గుర్తు రాలేదు.

1994లో మా గైడ్ నాతో అన్న మాట అది. అప్పుడు నేను అయిదో నెల గర్భిణిని. మిర్యాలగూడ దగ్గర మా ఊరి వరిపొలాల్లో తోడేలు సాలీళ్ళ మీద పని చేస్తున్నాను. "తల్లి కావడం ప్రకృతి ధర్మం" అని కూడా అన్నారాయన. రెండేళ్ళ తర్వాత తిరిగి వెళ్తే నా అంశం ఇంకొకరి చేతిలో ఉంది. చివరికి మంచినీటి చేపల మీద డాక్టరేట్ తెచ్చుకున్నాను.

ఈ సాలీళ్ళు గూడు అల్లి ఎర కోసం కూర్చునే రకం కాదు. నేలమీద, నీటిమీద పరుగెత్తి పట్టుకుంటాయి. ఎనిమిది కళ్ళు మూడు వరుసల్లో ఉంటాయి. కింద నాలుగు చిన్నవి, మధ్యలో రెండు పెద్దవి, పైన మరో రెండు. టార్చి కంటి పక్కన పెట్టుకుని చూస్తే గట్టు పొడుగునా మెరుస్తాయి. అలా చూడాలని నాకు నేర్పింది పుస్తకం. పట్టి సీసాలో వేసింది మాత్రం ఎక్కువగా అమ్మే. "ఇవి ఉన్నన్ని దినాలు దోమ జోరు తక్కువ బిడ్డా. మందు కొట్టినంక దోమ మల్లొస్తది, ఇవి రావు" అనేది. సుడిదోమను తినే సాలీళ్ళు పురుగుమందుకు చచ్చి, దోమ మరింత విజృంభించడం శాస్త్రజ్ఞులు ఆసియా వరిపొలాల్లో నమోదు చేసిన సంగతే. అమ్మ దాన్ని కలుపు తీస్తూ చూసింది.

లైకోసిడే అని ఈ కుటుంబానికి పేరు పెట్టింది సుండెవాల్, 1833లో. గ్రీకులో లైకోస్ అంటే తోడేలు. తోడేళ్ళు గుంపుగా వేటాడతాయి, ఇది ఒంటరిగా. మన 'సాలెపురుగు'లో నేతపని ఉంది, దీనికి వల లేదు. మళ్ళీ హిప్పాసా అనే ప్రజాతి ఇదే కుటుంబంలో ఉండి గరాటు లాంటి వల అల్లుతుంది! ఇప్పటికి 2,400కు పైగా జాతులను గుర్తించారు. వాటిలో ఒకదాన్ని 1880లో వర్ణించింది మేరీ ట్రీట్. అమెరికాలోని వైన్‌లాండ్‌లో, భర్తనుంచి విడిపోయి, పత్రికలకు రాసి బతికిన స్త్రీ. డార్విన్‌తో ఉత్తరాలు నడిపింది. నేలలో బొరియ తవ్వి, పైన చిన్న బురుజు కట్టే ఆ సాలీడు పేరు పక్కన ఈనాటికీ ఆమె పేరు ఉంది.

తల్లి సాలీడు గుడ్ల సంచిని పొట్ట చివర అంటించుకుని తిరుగుతుంది. సమయం వచ్చాక ఆ సంచి అంచు తనే విప్పుతుంది. పిల్లలు వీపుమీదికెక్కుతాయి. ఎన్నో ఏళ్ళు క్లాసులో ఇంతవరకు చెప్పి, "చూశారా, తల్లిప్రేమ!" అని ఆపేసేదాన్ని. సంచి తీసేసి బెండు ముక్క ఇస్తే దాన్నీ అలాగే మోసుకు తిరుగుతుందని ఫాబర్ రాసింది చెప్పేదాన్ని కాదు. పిల్లలు వీపున ఉండగానే అది వేటాడి తింటుందనీ చెప్పలేదు. వీపు చూపించాను, నోరు చూపించలేదు.

ఆడది ఎలా ఉండాలో సాలీడును అడిగి తెలుసుకోవాలని నేననడం లేదు. ప్రకృతిని సాక్ష్యానికి పిలవడం నా గైడ్ చేసిన పనే. కానీ ఆయన పిలిచిన సాక్షి సగం మాటే చెప్పిందని, ఆ సగాన్నే నేనూ పాఠంగా అప్పజెప్పానని ఒప్పుకోవాలి కదా?

ఆ సాయంత్రమే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, క్షమించమని అడిగాను. వానాకాలం పంటలో ముగ్గురూ పొలానికి వచ్చారు, నేనూ వెళ్ళాను. గట్టుమీద పరదా కింద పాప నిద్రపోతుంటే అమ్మమ్మ పక్కనే టార్చి పట్టుకుని కూర్చుంది. సీసాల మీద చీటీలు అంటిస్తూ 'సేకరించినవారు' అన్నచోట ఆ అమ్మాయి రెండు పేర్లు రాసింది, తనదీ, వాళ్ళమ్మదీ.

ఇంటికొచ్చి అటక మీది పాత పెట్టె దింపాను. 1994 నాటి సీసాలు. స్పిరిట్ ఎండిపోయింది, చీటీలు మాత్రం చదవొచ్చు. అన్నిటిమీదా ఒక్క నా పేరే ఉంది. అమ్మ పోయి ఆరేళ్ళయింది.