ఏడు రిపోర్టులు, ఏడు పేర్లు

అది చీరలంగడి కవరు. ప్రొద్దుటూరులో పట్టుచీర కొంటే ఇస్తారే, ఆ దళసరి ప్లాస్టిక్ సంచి. అందులోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి, తేదీల వరసలో నా బల్ల మీద పరిచాడు. ఏడు రిపోర్టులు. ఏడింటిలోనూ హెచ్‌ఐవీ నాన్ రియాక్టివ్. ఏడింటి మీదా ఏడు పేర్లు. ఒక్కటీ అతని పేరు కాదు.

"ఇవి ఎవరివి ప్పా?" అన్నాను.

"నావే సార్. పేర్లు మార్చినా. రక్తం నాదే."

ముప్పై నాలుగేళ్లుంటాయి. బంగారు పని చేస్తాడు, నగలకు రాళ్లు పొదుగుతాడు. అంత సన్నటి పని చేసే వేళ్లు ఆ కాగితాలు సర్దుతూ వణుకుతున్నాయి. ఏడు నెలల కిందట అంగడి పని మీద బెంగళూరు పోయి, తోటివాళ్లతో లాడ్జిలో దిగాడు. ఒక్క రాత్రి. నిరోధ్ వాడాడు. అది చినగలేదు, జారలేదు. ఈ మాట నాకు మూడుసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నా మొహంలోకి చూశాడు, నేను నమ్ముతున్నానా లేదా అని.

గదిలోకి రాగానే కూర్చోకుండా ముందు నా బరువు మిషన్ ఎక్కాడు. ఆరు కిలోలు తగ్గానన్నాడు. అన్నం సయించదు, నిద్ర పట్టదు, రాత్రిళ్లు చెమటలు. పొద్దున లేస్తూనే ఫోను లైటు వేసుకుని అద్దంలో నాలుక చూసుకుంటాడు, తెల్లమచ్చలేమైనా వచ్చాయేమోనని. దవడ కింద గడ్డ ఉందన్నాడు. చేయి పెట్టి చూస్తే చిన్న గ్రంథి, చాలామందిలో ఉండేదే. రోజుకు పదిసార్లు నొక్కి నొక్కి చుట్టూ చర్మం కమిలి నల్లబడింది. నొప్పి పుట్టించింది అతని వేలే. ఆ నొప్పినే జబ్బుకు సాక్ష్యంగా నాకు చూపించాడు.

మా ప్రాంతంలో ఈ పరీక్షలకు ఒక దారి ఉంది. జమ్మలమడుగు మనిషి ప్రొద్దుటూరు వస్తాడు. ప్రొద్దుటూరు మనిషి పులివెందులకో కడపకో పోతాడు. పులివెందుల వాళ్లు అనంతపురం బస్సెక్కుతారు. సొంతూళ్లో ల్యాబ్ మెట్ల మీద మామ ఎదురుపడితే ఏం చెప్పాలి? అందుకని పక్కూరు, పక్క పేరు. ఇతనూ అట్లే తిరిగాడు. ఇన్నేళ్లలో ఇట్లాంటివాళ్లను చాలామందిని చూశాను గానీ, దొంగ పేరు మనిషిని ఇంతగా తినేస్తుందని ఇతను చెప్పాకే తెలిసింది.

"రాత్రి పండుకుంటే అనిపిస్తాది సార్. ఆ పేరు నాది కాదు గదా, ఆ రక్తం మాత్రం నాదేనని ఏం నమ్మకం? ఆ పేరున్నోడు నిజంగా ఒకడు ఉండి, వాని కాగితం నాకు ఇచ్చింటే?"

రిపోర్టులు వరసగా చూశాను. మొదటిది నాలుగో రోజున చేయించాడు. దానికి విలువ లేదు, అప్పటికి ఏ పరీక్షకూ ఏమీ దొరకదు. రెండోది రెండు వారాలకు. మూడోది యాభయ్యో రోజున, నాలుగో తరం పరీక్ష. ల్యాబులో చేసే ఈ పరీక్ష శరీరం తయారుచేసే యాంటీబాడీలనే కాదు, వైరస్ తునకనూ పట్టుకుంటుంది. 45 రోజులు దాటాక అందులో లేదంటే లేనట్టే. యాంటీబాడీలను మాత్రమే చూసే మామూలు కిట్టుకైతే మూడు నెలలు ఆగమంటాం. ఇతని అయిదో పరీక్ష ఆ మూడు నెలలూ దాటాక చేసిందే. అంటే వైద్యం లెక్కలో ఈ సంగతి యాభయ్యో రోజునే ముగిసిపోయింది. ఆ తర్వాత తీయించుకున్న నాలుగు రక్తపు చుక్కలు వేరే దేనికోసమో.

అసలు అంకెలు చెప్పాను. అవతలి మనిషికి వైరస్ ఉందని, ఆమె మందులు వాడటం లేదని, ఇతను నిరోధ్ వాడలేదని అనుకున్నా, ఒక్కసారి కలయికలో మగవాడికి సోకే అవకాశం సుమారు పదివేలలో నాలుగు. ఇతను నిరోధ్ వాడాడు. ఆమెకు జబ్బు ఉందో లేదో కూడా తెలియదు. తలూపుతూ అంతా విన్నాడు. విని, "ఆ నలుగుర్లో నేనొకడైతే సార్?" అన్నాడు.

కంటి ముందు చావు కనబడే మనిషికి అంకెలు ఎక్కవు. చిన్నప్పుడు గోడల మీద పులిరాజా బోర్డులు చూశానన్నాడు. 2000 తర్వాత తొలి ఏళ్లలో ఆంధ్రదేశమంతా మార్మోగిన ఎయిడ్స్ ప్రచారం అది. ఆ రోజుల్లో భయపెట్టడానికి కారణం ఉంది. 1986లో చెన్నైలో మొదటి కేసులు బయటపడినప్పటి నుంచి మన దగ్గర ఈ జబ్బంటే మరణమే. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్‌లో. అంతకుముందు హౌస్ సర్జన్‌గా వార్డు చివరి మంచాల దగ్గర నిలబడిన వాణ్ణి నేను, ఆ చావులు ఎట్లుండేవో నాకు తెలుసు. ఇవాళ రోజూ మాత్ర వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అట్లే నిలిచిన మనిషి నుంచి కలయిక ద్వారా జబ్బు అంటదు. పిల్లల్ని కంటున్నారు, మునిమాపు దాకా సేద్యం చేసుకుంటున్నారు. ఈ సంగతులు రాసిన బోర్డు మాత్రం ఏ గోడ మీదా అంత పెద్దగా కనబడలేదు. అతను ముప్పైల్లోకి వచ్చినా అతని భయం ఆ గోడ దగ్గరే నిలబడిపోయింది.

ఇట్లాంటి ఒక పిల్లవాడి విషయంలో నేను తప్పు చేశాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో వచ్చాడు, డిగ్రీ చదువుతున్నాడు. అతనిదీ ఇదే కథ, రెండు పరీక్షలు బాగానే వచ్చాయి. బయట ఇరవై మంది కూర్చున్నారు. అతన్ని త్వరగా పంపాలని, "సరే, నీ తృప్తి కోసం ఇంకొకటి చేయించుకో" అని చీటీ రాసిచ్చాను. తృప్తి కోసమని నేనన్నాను. "డాక్టరుకే అనుమానం ఉంది" అని అతను విన్నాడు. చదువు మానేసి ఆరు నెలలు ఇంట్లో పడుకున్నాడని తర్వాత వాళ్ల నాయన వచ్చి చెప్పాడు. మానసిక వైద్యుడి దగ్గరికి పంపితే, మందులతో, మాటలతో కోలుకున్నాడు. నేను మొదటిరోజే చేయాల్సిన పని అది. డాక్టరు రాసే చీటీ కూడా ఒక మాటే.

అట్లని భయం ప్రతిసారీ పనికిమాలినది కాదు. పులివెందుల దగ్గర చీనీ తోట ఉన్న రైతు ఒకాయన బుధవారం పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. కాయ తోలుకుని అనంతపురం మార్కెట్‌కు పోయినప్పుడు, ఆదివారం రాత్రి పదకొండింటికి నిరోధ్ పగిలిపోయింది. ఊర్లో ఆర్‌ఎంపీ రెండు సూదులు వేసి ఏం కాదన్నాడట. ఈయన మనసు ఒప్పక బస్సెక్కాడు. వేళ్ల మీద లెక్కపెట్టాను, 58 గంటలు. వైరస్ శరీరంలో వేరూనకముందే అడ్డుకునే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. 28 రోజులు ఒక్కపూట తప్పకుండా మింగాలి. ఆ రోజే మొదలుపెట్టించాం. వికారంతో తిప్పలు పడ్డాడు గానీ మానలేదు. ఇద్దరూ భయపడే వచ్చారు. ఈయన గంటలు లెక్కపెట్టుకుని వచ్చాడు, బంగారు పనాయన నెలలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

ఏ భయమూ లేకుండా వచ్చినామె సంగతీ చెప్పాలి. జమ్మలమడుగు పక్క పల్లె. అయిదో నెల గర్భం. భర్త బండల లారీ తోలుతాడు. గర్భిణులందరికీ చేసే పరీక్షల్లో రియాక్టివ్ అని వచ్చింది. మరో రెండు వేర్వేరు కిట్లతో చూసినా అదే ఫలితం. తల్లి చేయి పట్టుకుని నా ఎదుట కూర్చుని, "నేనేం చేసినా సార్?" అంది. ఆమె చేసింది పెళ్లి. నిరోధ్ అనే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె నాలుక చూసుకోలేదు, మెడ తడుముకోలేదు, తనకు పరీక్ష అవసరమని కలలో కూడా అనుకోలేదు. ఆ రోజు ఇంటికి పోయి చాలాసేపు పడుకోలేకపోయాను. జాగ్రత్తపడినవాడు ఏడుసార్లు రక్తం ఇచ్చాడు, జాగ్రత్తపడే దారే లేనామెకు అయిదో నెల దాకా తెలియలేదు. వెంటనే మందులు మొదలయ్యాయి. బిడ్డకు పద్దెనిమిది నెలలు నిండాక చేసిన పరీక్షలో లేదని తేలింది. ఆ కాగితం చదవడం రాకపోయినా ఆమె దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చుంది.

బంగారు పని ఆయన దగ్గరికి వస్తాను. మూడోసారి వచ్చినప్పుడు కవరు తేలేదు. బల్ల అంచు గీకుతూ ఉండి, అడిగాడు.

"మా ఇంట్లో ఆమెకు చెప్పల్లనా సార్?"

ఏడు నెలల్లో అతను అడిగిన అసలు ప్రశ్న అది. అప్పటిదాకా భార్య పక్కన పడుకోలేదు. నడుం నొప్పి అని చెప్పి మిద్దె మీద పండుకుంటున్నాడు. ఆమె ఏమనుకుంటోందో తెలియదు. చిన్నపిల్ల గ్లాసులో నీళ్లు తాగడానికి కూడా భయపడ్డాడు. తను ముట్టుకుంటే ఇల్లు మైలపడుతుందని అతని నమ్మకం. ఏ ల్యాబులోనూ దానికి కిట్టు లేదు. తప్పు చేశానన్న బాధ వేరు, జబ్బు వచ్చిందన్న భయం వేరు, రెండూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయని చెప్పాను. ఆమెకు చెప్పాలా వద్దా అన్నది నేను తేల్చేది కాదు. ఆమెకు నీవల్ల ఏ ప్రమాదమూ లేదని మాత్రం సంతకం పెట్టి రాసిస్తానన్నాను. నిద్రకు, ఆందోళనకు మందు రాశాను. అద్దం ముందు ఫోను లైటు వేయనని, మెడ మీద చేయి పెట్టనని మాట తీసుకున్నాను.

ఒక పని మాత్రం చాలా ఆలోచించి చెప్పాను. ఆ డిగ్రీ పిల్లవాడు గుర్తుకొచ్చి మొదట నోరు రాలేదు. "నీకు లేదు. నాకు అనుమానం లేదు. అయినా ఒక్కసారి, నీ సొంత పేరుతో, ఈ ఊర్లోనే, ప్రభుత్వాసుపత్రి హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రం ఐసీటీసీలో ఇవ్వు. ఆ తర్వాత ఈ జన్మలో ఈ రాత్రి కోసం రక్తం ఇవ్వొద్దు." అక్కడ డబ్బు అడగరు, సూది గుచ్చకముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు, ఫలితం చెప్పేటప్పుడు మళ్లీ మాట్లాడతారు. పేరు బయట పెట్టకూడదని 2017 నాటి చట్టమే ఉంది. పోయే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమన్నాను, దానికీ డబ్బు పడదు.

"నా పేరే చెప్పల్లనా?" అన్నాడు.

"నీ పేరే."

పోయాడో లేదో చాలా రోజులు తెలియలేదు. ఫోన్ చేయలేదు, రాలేదు. నేనూ అడగలేదు.

దసరాకు మా ఊరు నిలబడదు. అమ్మవారిశాల చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ సందడిలో ఒక సాయంత్రం భార్యాభర్తలు బిడ్డను ఎత్తుకుని వచ్చారు, జ్వరం. ఆమె పాప నోరు తెరిపించింది, నేను గొంతు చూశాను. మందు మోతాదుకు బరువు కావాలన్నాను. అతను పాపను ఎత్తి మిషన్ మీద నిలబెట్టాడు. పదమూడున్నర. పాపను దించి, చంకనెత్తుకుని, మిషన్‌ను కాలితో గోడవైపు జరిపి, చీటీ కోసం చేయి చాచాడు.