వారం ముందు నడిచిన మెట్రో

వదినె, ఆ చేట పక్కకు పెట్టి జర గోడ కాడికి రా. నిన్న మా పెద్దోడు బండి మీద అంత్రోలి దాక తీస్కపోయిండు. ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ రైలు టేసన్ చూసొచ్చిన. ముందర గోడంత వజ్రం తీరుగ చెక్కినట్టున్నది. మన సూరత్‌ల వజ్రాలు సానబడ్తరు గద, అందుకని. చూడ ముచ్చటైంది. గని మన లింబాయత్ నుంచి అక్కడికి ఎంత దూరమే!

"ఇంత బయటెందుకు కట్టిన్రుర?" అని అడిగిన. ఈ రైలు గంటకు 320 కిలోమీటర్లు ఉరుకుతదట. అంత ఉరకాల్నంటె పట్టాలు తిన్నగుండాలె, మలుపు తిరిగినా మస్తు దూరం పట్టి మెల్లగ తిరగాలె. ఊరి నడుమకెల్లి తెస్తె ముందుగాల కూలేటియి మన గల్లీలసుంటి గల్లీలే. అది ఇన్నంక నా కోపం సగం దిగింది.

సగమే దిగింది. ముంబైల బాంద్రా-కుర్లా కాడ భూమి లోపల టేసన్ కడ్తున్నరు. దానికోసం 21 కిలోమీటర్ల సొరంగం, అండ్ల 7 కిలోమీటర్లు ఠాణే ఖాడీ నీళ్ల కింద. వడోదరల, అహ్మదాబాద్‌ల పాత టేసన్ కాడనే కడ్తున్నరు, ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కొచ్చు. మనకేమో ఈ ఎడం.

భివండి నుంచి మా చెల్లె ఆ రైలుకే వచ్చిందనుకో. ఇద్దరం కలిసి వరంగల్ పోవాల్నంటె నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలె. నవజీవన్ ఆగేది పాత టేసన్ల, అది దిగేది అంత్రోలిల. సంచులు, పిల్లలు, చీరెల మూట. రైలు మిగిల్చిన టైమంత ఆటోలనే పాయె.

మరి ఈ రైలు నేర్పింది జపానోళ్లే గద. వాళ్ల మొదటి బుల్లెట్ రైలు టోక్యో నుంచి ఒసాకాకు 1964 అక్టోబర్ 1న నడిచింది. ఒసాకాల గూడ నడిబొడ్డున ఉన్న ఉమెదా కాడికి తేలేదు. యోదో నది అవుతల కొత్త టేసన్ కట్టిన్రు, షిన్-ఒసాకా అని. అయితె ఉమెదా నుంచి ఆ కొత్త టేసన్ దాక మెట్రో సెప్టెంబర్ 24 నాడే నడిపిన్రు. అంటె బుల్లెట్ రైలు కంటె వారం ముందు! మా పెద్దోడు ఇది చెప్పినప్పటి నుంచి నా మనసంత ఆ వారం మీదనే ఉన్నది వదినె. ముందుగాల మనుషులు చేరే తొవ్వ, ఆ తర్వాత రైలు.

మన మెట్రో రెండో లైను భేసాణ్ నుంచి సారోలి దాకనే. అక్కడి నుంచి అంత్రోలికి సిటీ బస్సు కావాలె. మొదటి రైలు వచ్చేనాటికే బస్సు నిలబడి ఉండాలె, లూముల కాడ రాత్రి షిఫ్టు దిగేటోళ్లకు గూడ దొరకాలె. ముంబై నుంచి పుణె మీదికెల్లి హైదరాబాద్‌కు గూడ బుల్లెట్ రైలు లైను అనుకుంటున్నరు. అక్కడున్న మనోళ్లు ఈ ముచ్చట ఇప్పుడే అడుగుడు మంచిది, టేసన్ జాగ ఖాయమైనంక అడిగితె ఏం లాభం?

నేను కార్పొరేటర్‌కు అర్జీ పెడ్త. గల్లీల అందరితోని సంతకాలు చేయిపిద్దాం. నీ కోడలు గుజరాతీ మంచిగ రాస్తది గద, పొద్దుగూకినంక జర పంపు.