కనబడని తీగ

యంత్రము కొనువారు మనలో పెక్కుమంది కలరు. దానికి వలసిన యేర్పాటు చేయువారు కొందఱే. ఈ మాట మేము చాలకాలముగా అనుకొనుచుంటిమి. కాకినాడలో మా మేనల్లుని పడవకు లంగరెత్తు విద్యుద్యంత్రమును బిగించునపుడు దానికి మంచి దృష్టాంతము దొరకినది.

ఆ పడవ పొడవు 9 మీటర్లు. లంగరు బరువు 15 కిలోలు. దాని 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరునకు ఇంచుమించు కిలోన్నర తూగును. దీనిని దినమునకు పలుమార్లు చేతులతో లాగువాడు పదునెనిమిదేండ్ల కళాసీ కుఱ్ఱవాడు. వాని అరచేతులు కాయలు కాచినవి. నడుము అప్పుడే పట్టుచున్నది. "తాతలనాటినుండి ఇట్లే లాగుచున్నారు గదా!" యనువారు తామెన్నడును గొలుసు పట్టినవారు కారు.

యంత్రము 12 వోల్టులది, 1000 వాట్లది. అనగా నిండు భారమున 80 ఆంపియర్లకు మించిన విద్యుత్తును లాగును. బ్యాటరీ అమరమున నున్నది. యంత్రము అణియమున నుండవలెను. నడుమ దూరము 8 మీటర్లు. పనివాడు 10 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ తెచ్చెను. "మెషీనుకే ఇంత అయింది గదా మావయ్యగారూ, తీగలోనైనా కొంత మిగుల్చుకుందాం" అని మేనల్లుడనెను.

మేము కాగితముపై లెక్క వేసి చూపితిమి. విద్యుత్తు పోవుటయే కాదు, తిరిగి రావలయును. కావున దారి 16 మీటర్లు. ఆ సన్నని తీగలో రెండు వోల్టులకు పైగా దారిలోనే వేడిమియై నశించును. యంత్రమునకు పది వోల్టులైనను చేరవు. 50 చదరపు మిల్లీమీటర్ల తీగయైనచో నష్టము అర వోల్టునకు లోబడును. బరువు మోయలేని మోటారు నెమ్మదించును. నెమ్మదించిన కొలది ఎక్కువ విద్యుత్తు లాగి తీగను కాల్చును. చదువరులారా, నీటి నడుమ నిప్పంటుకొన్న పడవలోనివారు ఎచటికి పరుగిడుదురు?

అతడు మాఱుపలుకక లావు తీగ తెప్పించెను. తగరపు పూత గలది గనుక ఉప్పుగాలికి త్వరగా చెడదు. బ్యాటరీ చెంతనే సర్క్యూట్ బ్రేకరు నిలిపితిమి; అది ముందుగా కాపాడునది తీగను. మీటకు మాత్రము సన్నని తీగలు చాలును. అవి రిలేను కదల్చును, రిలే పెద్ద ప్రవాహమును నడపును. మరలు ఊడిరాకుండ పై బల్లల క్రింద మందమైన పలక వేసితిమి. చక్రపు గాడులు గొలుసు కడియములకు సరిపోవుట ముందే చూచితిమి.

యంత్రము లంగరెత్తుటకే గాని పడవనీడ్చుటకు గాదు. ఇంజనుతో పడవను లంగరు మీదికి నడిపి, పిమ్మట గొలుసు చుట్టవలెను. లంగరు వేసి నిలిచినపుడు అలల తాకిడి యంత్రముపై బడకుండ, గొలుసును మోకుతో గట్టి గుంజకు కట్టవలెను.

ఈ తీగయు, ఈ పలకయు పడవ యెక్కువారి కంటబడవు. మెప్పెల్ల మెఱయు యంత్రమునకే. మన సంస్కరణముల గతియు నిట్లే యున్నది. భవనము కట్టి ప్రారంభోత్సవము చేయుదుము. బోధించువానిని నియమింప మఱతుము. చదివినవానికి పనిముట్టు పట్టుట నామోషీ. పనిముట్టు పట్టువానికి లెక్క అక్కఱలేదని మన తలంపు. ఈ రెంటి నడుమ తీగ వేయనిదే దేశమున బలము ప్రవహింపదు.

దారి రెండింత లేలయని ఆ కళాసీ కుఱ్ఱవాడు మమ్మడిగెను, చెప్పితిమి. మఱునాడు వాడే మఱియొక పడవవానికి ఆ లెక్క చెప్పుచుండెను.