మాచర్ల బండిలో యంత్రానికి పరీక్ష

నరసరావుపేటలో పిల్లలకు చదరంగం నేర్పే మాస్టారు గురజాలలో వేసవి శిబిరం పెట్టారు. గుంటూరులో ఇద్దరం కలిసి మాచర్ల ప్యాసింజరు ఎక్కాం. నా ఫోనులో స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాము ఉంది. దాని మీద ప్రయోగించడానికి ఆయన రెండు చిక్కు స్థానాలు ఎంచుకొచ్చారు.

"ఇప్పుడు దీన్ని ఓడించే మనిషి లేడండీ. ఆటాడి దాని లోతు తెలుసుకోలేం" అన్నారు.

సత్తెనపల్లి దాటాక మొదటిది పేర్చాం. 1998లో లినారెస్‌లో టొపలోవ్ మీద షిరోవ్ నల్లపావులతో ఆడింది. చెరో శకటు, అవీ వేర్వేరు రంగు గళ్ళవి. నల్లవైపు రెండు బంట్లు ఎక్కువున్నా ఇలాంటివి చాలావరకు డ్రా అవుతాయి. షిరోవ్ 47వ ఎత్తులో తన శకటును తెల్లబంటు నోటికి అందించాడు. అది ఖాళీ చేసిన గడిలోంచి నల్లరాజు ఒక్క అడుగు ముందుగా బల్ల మధ్యకు చేరాడు. ఆ అడుగుతోనే ఆట గెలిచాడు. చాలాకాలం ప్రోగ్రాములకు కొరుకుడుపడని ఆ ఎత్తు, ఫోనులో తర్వాతి స్టేషను రాకముందే తేలింది.

"అప్పుడే మార్కులెయ్యకండి. తర్వాతి వరస చూడండి. ఒక్కోసారి కారణం తెలియకుండానే మంచి ఎత్తు వేస్తుంది" అన్నారు మాస్టారు. చూశాం. వరస కూడా సరిగ్గానే ఉంది.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు వెనకబడ్డాయి. నడికుడి దగ్గర హైదరాబాదు దారి విడిచి బండి మాచర్ల వైపు మళ్ళింది. అప్పుడు రెండోది తీశారు. 1912లో రుడాల్ఫ్ కూర్చిన స్థానం. తెల్లవాళ్ళు రెండు శకటులనూ వదులుకుని, బంటు వెనక బంటు తోస్తూ ఎనిమిదింటితో అంచు నుంచి అంచుకు గోడ కడతారు. నల్లవాళ్ళకు రెండు ఏనుగులు, ఒక శకటు మిగిలినా ఏ పావుకూ దూరే సందు లేదు. ఆట డ్రా. ఫోను మాత్రం నల్లవాళ్ళే గెలుస్తారని పెద్ద అంకె చూపిస్తోంది.

"కోడిపందెంలో రాజ్యం పోయిన సీమండీ ఇది. ఈ అంకె మీద పందెం కాస్తారా?" అని నవ్వారు.

ప్రోగ్రాము ఎత్తు మీద ఎత్తు పేర్చుకుంటూ పోయి, ఆగినచోట ఎవరి బలం ఎంతో తూస్తుంది. గెలుపు చాలా లోతున ఉన్నా చాలాసార్లు తవ్వి తీస్తుంది. ఎంత దూరం పోయినా ఏమీ జరగని చోట దానికి ఆధారం దొరకదు. బంటు కదలక, పావు చావక చెరో 50 ఎత్తులు గడిస్తే డ్రా అన్న నియమం దానికీ తెలుసు. కానీ ఆ గడువు దాని చూపుకు చాలా దూరం. అందుకని రెండు వైపులా దాన్నే ఆడించాం. ఏనుగులు అటూ ఇటూ తిరిగాయి. 50 దగ్గరపడేకొద్దీ అంకె జారుతూ జారుతూ సున్నాకు దిగింది.

గురజాల శిబిరంలో మాస్టారు పిల్లలకు రెండో స్థానమే ముందిచ్చారు. ఫోను తెర మీద అంకె కనిపించేచోట కాగితం ముక్క అంటించి, ఎవరు గెలుస్తారో, ఎందుకో ముందు మీరు రాయండి, ఆ తర్వాతే కాగితం తీస్తాను అన్నారు.