ఖాళీ గడి

నలభై ఏళ్ళు సంధులూ సమాసాలూ చెప్పినవాడు పటానికి రంగులు వేయడం గురించి రాయడమేమిటని నవ్వుకోకండి. కథ రంగులతో మొదలైనా రంగులతో ముగియలేదు.

మా నాయనగారు ఒక రూళ్ళ పుస్తకంలో మా వంశావళి రాసి ఉంచారు. ఆరు తరాలు, నూటపద్ధెనిమిది పేర్లు. కాగితం పొడుము రాలుతున్నది. దానిని కంప్యూటరులోకి ఎక్కించాలన్నది నా చిరకాల వాంఛ. బెంగళూరులో ఇంజనీరింగు చదువుతున్న మా కూతురి కొడుకు దసరా సెలవులకు కోసిగి వచ్చినప్పుడు ఆ మాట చెప్పాను.

"తాతా, కంపెనీల్లో ఎవరి కింద ఎవరు పనిచేస్తారో గీసే సాఫ్ట్‌వేర్ ఉంది. చెట్టు ఆకారం ఒకటే కదా, దాంతో కానిచ్చేద్దాం" అన్నాడు వాడు.

ముందు ఎక్సెల్‌లో పట్టిక తయారుచేశాము. పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, నివాసం, ఎవరి కింద అన్నవి నిలువు వరుసలు. నా పేరుకెదురుగా ఆ చివరి గడిలో మా నాయన పేరు టైపుచేస్తుంటే నవ్వు వచ్చింది. అధికారుల పటంలో ఒక్కొక్కరికీ పైన ఒక్కరే ఉండగలరు. తండ్రి పేరు పెట్టేసరికి తల్లికి చోటు లేకపోయింది. మనవడు ఉపాయం ఆలోచించి, ఇంటి కోడళ్ళందరినీ భర్తల పక్కన 'అసిస్టెంటు' అనే పెట్టెలో కూర్చోబెట్టాడు. మా ఇంటావిడ అద్దాలు సవరించుకుని తెర చూసి, "ఇన్నేండ్లు వండిపెట్టినందుకు అసిస్టెంటు పోస్టు ఇచ్చినారా? జీతమెంత?" అని అడిగింది. సమాధానం చెప్పలేకపోయాను.

తరువాత రంగుల సంగతి. దీనిని 'కండిషనల్ ఫార్మాటింగ్' అంటారట. నేను 'షరతుల రంగులు' అనుకున్నాను. ఫలానా గడిలో ఫలానాది ఉంటే ఫలానా రంగు వేయమని సూత్రం రాసిపెడితే, పేర్లన్నిటికీ యంత్రమే రంగులు వేసుకుంటుంది. మేము మూడు సూత్రాలు రాశాము. పోయిన సంవత్సరం గడి ఖాళీగా ఉంటే ఆకుపచ్చ. నిండి ఉంటే బూడిద రంగు. నివాసం కోసిగి కాకపోతే నారింజ.

పటం చూస్తే రాయచూరులో ఏనాడో కాలం చేసిన మా ముత్తాత తమ్ముడు నారింజ రంగులో మెరుస్తున్నాడు! రెండు సూత్రాలు ఆయన మీద పోట్లాడుకున్నాయన్నమాట. జాబితాలో పైనున్న సూత్రమే నెగ్గుతుందనీ, చివర రాసినది వచ్చి అన్నిటికన్నా పైన కూర్చుంటుందనీ మనవడు చెప్పాడు. ఎక్సెల్‌లోనూ ఇదే తీరు. నాకు ప్రాణం లేచివచ్చింది. సమబలం గల రెండు సూత్రాలు తలపడితే తరువాతిదే నెగ్గాలని పాణిని ఎప్పుడో నిర్ణయించాడు. సామాన్య సూత్రాన్ని విశేష సూత్రం బాధిస్తుందనేది కూడా వ్యాకరణం చదివినవారికి కొత్త కాదు. మన చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సంధిని నిత్యమనీ, వైకల్పికమనీ, బహుళమనీ విభజించి షరతులు పెట్టిందీ ఇటువంటి తగవులు తీర్చడానికే. బూడిద రంగును పైకీ, నారింజను నడుమకూ, ఆకుపచ్చను అడుగుకూ జరిపాము. ముత్తాత తమ్ముడు బూడిదలో కలిశాడు.

అప్పుడు కనిపించింది, నాలుగో వరుసలో ఒకే ఒక్క నారింజ గడి. మా చిన్నాయన. బతికి, బొంబాయిలో ఉన్నట్లు!

1972 కరవులో నాకు పదమూడేళ్ళు. ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకూ నడుమ మా ఊరి స్టేషను. గుంతకల్లు నుంచి రాయచూరు మీదుగా పోయే బొంబాయి దారి అది. ఇప్పటికీ పంట చేతికి రాని ఏడు మా మండలం నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకూ, బెంగళూరుకు కూలిపనులకూ తరలిపోతుంటాయి. ఆనాడు చిన్నాయన ఒక్కడే రైలెక్కాడు. రెండు ఉత్తరాలు, ఒక మనియార్డరు వచ్చాయి. ఆ తరువాత ఏమీ లేదు.

పన్నెండేళ్ళు గడిచాక కర్మ చేయించాలని పెద్దలు అన్నారు. చిన్నమ్మ ఒప్పుకోలేదు. "పోయినాడని ఎవరు చూసినారు? చూసినవాళ్ళు వచ్చి చెప్పనీ" అన్నది. మళ్ళీ ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు. 1998లో ఆమె బొట్టుతోనే పోయింది. ఏ పద్ధతిలో సాగనంపాలని బంధువులు వాదులాడుకుంటుంటే, "ఆమె నమ్మినట్లే" అన్నారు మా నాయన. పాడె మోసినవారిలో నేనొకణ్ణి.

"తొంభై దగ్గర పడుతుంటే ఇంకా ఏముంటారు తాతా, బూడిద రంగు వచ్చేటట్లు ఒక సంవత్సరం వేసేద్దాం" అన్నాడు మనవడు. వాడి మాట అన్యాయం కాదు. అతని కబురు సహజంగా తెలియవలసినవారికి ఏడేళ్ళ పాటు ఏమీ తెలియకపోతే, బతికే ఉన్నాడని నిరూపించే భారం ఆ మాట అన్నవారిదేనని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2023లో చేసిన కొత్త చట్టమూ ఆ సూత్రాన్ని ఉంచింది. అయితే ఏ సంవత్సరంలో పోయాడో చట్టం కూడా చెప్పదు. నేనెట్లా వేసేది? పాణిని లోపాన్ని లేకపోవడం అనలేదు, కనబడకపోవడం అన్నాడు. ప్రత్యయం లోపించినా దాని పని జరుగుతూనే ఉంటుంది. మా ఇంట్లో చిన్నాయన ఇరవయ్యారేళ్ళు అట్లాగే పనిచేశాడు, చిన్నమ్మ నుదుట.

అందుకని ఆ గడిలో 'తెలియదు' అని రాసి, ఆ మాట ఉంటే పసుపు రంగు వేయమని నాలుగో సూత్రం పెట్టాము. గడి నిండింది కనుక బూడిద సూత్రమూ వర్తిస్తుంది. కనుక ఈ విశేష సూత్రం జాబితాలో అన్నిటికన్నా పైనే ఉండాలి. ఉంచాము.

తీరా చూస్తే పై వరుసల్లో ఆకుపచ్చ గడులు పద్ధెనిమిది ఉన్నాయి. మా ముత్తవ్వ, మా జేజి, మేనత్తలు, అందరూ ఆడవాళ్ళే. వందేళ్ళ కిందటివాళ్ళు నిక్షేపంగా బతికి ఉన్నారు! మా నాయన మగవాళ్ళ సంవత్సరాలు తప్పకుండా రాశారు, ఆడవాళ్ళవి రాయలేదు. వాళ్ళలో చిన్నమ్మ కూడా ఉన్నది.

మనవడు అక్కడా 'తెలియదు' అని కొట్టబోయాడు. ఆపాను. చిన్నాయన సంగతి ఎవరికీ తెలియదు. వీళ్ళు ఈ ఇంట్లోనే పోయారు, మేము రాసుకోలేదు. రెండూ ఒకటి కావు. ఆ గడుల్లో 'రాయలేదు' అని వేసి, రంగే లేకుండా తెల్లగా ఉంచే అయిదో సూత్రం రాశాము. అదీ బూడిద సూత్రానికి పైనే. తరువాత చిన్నమ్మ గడిలో నా చేతితోనే 1998 కొట్టాను. ఒక తెలుపు బూడిదయింది.

మనవడు బెంగళూరు వెళ్ళిపోయాడు. నేను ఊళ్ళో ముసలివాళ్ళ అరుగుల మీద కూర్చుని అడుగుతున్నాను, మా జేజి పోయింది ఏ కరవుకు ముందు, ఏ పెళ్ళి తరువాత అని. ఇప్పటికి ఏడు సంవత్సరాలు దొరికాయి. పది గడులు ఇంకా తెల్లగా ఉన్నాయి. చెప్పగలవాళ్ళు తగ్గిపోతున్నారు గనుక ఉదయమే బయలుదేరుతున్నాను.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి పుస్తకాలు ఉండే ఉంటాయి. ఒకసారి తెరిచి మీ అవ్వల గడులు చూడండి. ఏం కనిపించిందో వ్యాఖ్యలో రాస్తే సంతోషిస్తాను.